డిసెంబరు ఓవర్‌క్లాక్, మే నెల ఫ్యాన్

"ఏట్రా అది, గదిలో గ్రైండరేమైనా ఎట్టావేటి?"

మే నెల, మధ్యాహ్నం రెండు. అమ్మ దివాను మీద నడుం వాల్చింది. ఆరడుగుల దూరంలో నా బల్ల కింద కంప్యూటర్ ఒక పెళ్లి వీడియోని రెండర్ చేస్తోంది, అంటే ఎడిట్ చేసిన ముక్కలన్నిటినీ ఒక వీడియోగా వండుతోంది. గ్రైండర్ కాదమ్మా, ప్రాసెసర్ ఫ్యాన్ అన్నాను. "ఫ్యానైతే గాలి రావాలి కదా" అని అటు తిరిగి పడుకుంది. గాలి వస్తూనే ఉంది. కాకపోతే వేడిగా, నా మోకాళ్ల మీదికి.

మాది విశాఖలో పెదవాల్తేరు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. 2022 డిసెంబరులో పాత మిషన్ తీసేసి ఇంటెల్ ఐ5 12600కే ప్రాసెసర్ ఉన్నది కొన్నాను. పేరు చివర 'కే' ఉంటే క్లాక్ స్పీడు మనం పెంచుకోవచ్చు, దాన్నే ఓవర్‌క్లాక్ అంటారు. కాకపోతే డబ్బాలో ప్రాసెసర్ వేడి లాగే కూలర్ రాదు. ద్వారకానగర్‌లో ఒక షాపులో "ఇది చాలు సార్, అందరూ ఇదే పట్టుకెళ్తున్నారు" అని ఒక చిన్న సింగిల్ టవర్ కూలర్ చేతిలో పెట్టారు. నాలుగు రాగి గొట్టాలు, ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్, దాని చుట్టూ రంగుల లైట్లు. దాని పేరు చెప్పను, ఎందుకంటే తప్పు దానిది కాదు. తప్పు డిసెంబరుది.

డిసెంబరులో మా హాలు 24 డిగ్రీలు. ప్రాసెసర్‌లో బరువు పనులు చేసే పెద్ద కోర్లను 1.34 వోల్టుల దగ్గర 5.1 గిగాహెర్ట్జ్‌కి ఎక్కించాను. ప్రాసెసర్‌కి పూర్తి భారం పెట్టి పరీక్షించే సినీబెంచ్ అనే ప్రోగ్రాం అరగంట తిప్పితే ప్రాసెసర్ 198 వాట్లు తాగుతూ 86 డిగ్రీల దగ్గర ఆగింది. ఈ చిప్ హద్దు 100కి ఇంకా 14 డిగ్రీలు చోటుంది కదా అని గర్వంగా ఫొటో తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టాను. మే వచ్చేసరికి అదే హాలు 34. కూలర్ ఏదైనా సరే, గది వేడికి పైన ఇంత అని మాత్రమే చెప్పగలదు. 24 మీద 62 కలిస్తే 86, 34 మీద 62 కలిస్తే 96. పైగా సిలికాన్ వేడెక్కే కొద్దీ లీకేజీ కరెంటు పెరిగి ఇంకాస్త వేడి తోడవుతుంది. నాకు కనిపించింది 98. ఫ్యాన్ 2000 ఆర్‌పీఎం దగ్గర అరుస్తోంది. 100 తగిలితే ప్రాసెసర్ తనంతట తనే స్పీడు తగ్గించుకుంటుంది, అంటే నేను చేసిన ఓవర్‌క్లాక్‌ని అదే వెనక్కి తీసుకుంటుంది. అంత గోలా అప్పుడు ఎవరి కోసం?

అందుకే రివ్యూల్లో అంకెలు చూసి కూలర్ కొనే విశాఖ కుర్రాళ్లకి ముందుగా చెప్పే మాట ఇది: ఆ పరీక్షలు చాలావరకు 20, 22 డిగ్రీల గదుల్లో చేసినవి. అక్కడ 75 అని రాసి ఉంటే మీ ఇంట్లో మే నెలలో దాన్ని 87గా చదువుకోండి. ఓవర్‌క్లాక్‌ని సంక్రాంతి ముందు పరీక్షించి "స్టేబుల్" అనకండి. ఏడాదిలో చెమట ఎక్కువ పట్టే రోజు ఏదో చూసుకుని ఆ రోజు పరీక్షించండి.

ఇక్కడ నాకు దొరికిన సలహాలు రెండు రకాలు. ఒకటి, ఇంకా గట్టి ఫ్యాన్ పెట్టు. రెండు, వాటర్ కూలింగ్ పెట్టించు. రెండూ ఒకే పొరపాటు మీద నిలబడ్డాయని నా వాదన. కూలర్‌లోని లోహం, అదే హీట్‌సింక్, వేడిని చంపదు, మోసుకెళ్తుంది అంతే. ప్రాసెసర్ తాగిన 198 వాట్లూ చివరికి మా హాల్లోకే వస్తాయి, గాలి కూలరైనా నీళ్ల కూలరైనా. అంటే పాతకాలం 100 వాట్ల బల్బులు రెండు బల్ల కింద వెలిగించుకుని కూర్చున్నట్టు. చలి దేశంలో అది మహా సుఖం, వాల్తేరులో కాదు. గదిలోకి వచ్చే వేడి తగ్గాలంటే షాపుకి వెళ్లక్కర్లేదు, మిషన్ లేచేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల పేజీ బయాస్‌లోకి వెళ్లాలి.

ప్రాసెసర్ తాగే కరెంటు స్పీడుతో మామూలుగా పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం వర్గంగా పెరుగుతుంది. అంటే వోల్టేజీ 10 శాతం పెంచితే వాట్లు 21 శాతం పెరుగుతాయి, ఆ పెంచినందుకు స్పీడు కూడా 10 శాతం వస్తే మొత్తం 33 శాతం. చిక్కేమిటంటే చివరి 100, 200 మెగాహెర్ట్జ్‌కి చిప్ అడిగే వోల్టేజీ మిగతా అన్నిటికన్నా ఎక్కువ. నేను ఒక ఆదివారం కూర్చుని 5.1ని 4.9కి దించి, వోల్టేజీని మెట్టు మెట్టుగా 1.2 దాకా తగ్గించాను. నాలుగుసార్లు విండోస్ కూలి నీలి తెర పడింది, ఒకసారి మిషన్ అసలు లేవలేదు. అయినా 1.2 దగ్గర నిలబడింది. వాట్లు 198 నుంచి 153కి పడ్డాయి. అదే చిన్న కూలర్, అదే 34 డిగ్రీల హాలు, ప్రాసెసర్ 82. స్పీడు పోయింది 4 శాతం. నేను రోజూ చేసే ఒక రెండర్ 25 నిమిషాలు పట్టేది, 26 పట్టింది.

ఆ ఒక్క నిమిషం కోసం మా అమ్మ మూడు వారాలు మధ్యాహ్నం పడుకోలేదు.

ఓవర్‌క్లాకింగ్ దండగ అని నేను అనను. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ వచ్చింది. దాని బస్ స్పీడుని, అంటే చిప్ మదర్‌బోర్డుతో మాట్లాడే వేగాన్ని, 66 నుంచి 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్ 450కి వెళ్లేది. యాభై శాతం ఊరికే! 2011లో ఐ5 2500కే చాలామంది చేతుల్లో 3.3 నుంచి 4.5 దాకా ఎక్కింది. అప్పట్లో కంపెనీలు చిప్‌లో బోలెడు మిగులు వదిలేసేవి, మనం వెళ్లి ఏరుకునేవాళ్లం. ఇప్పుడు చిప్ తనంతట తనే స్పీడు పెంచుకునే టర్బో పేరుతో ఆ మిగులంతా వాళ్లే ముందే పిండేసి అమ్ముతున్నారు. 2024లో ఇంటెల్ తన 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లలో ఎక్కువ వోల్టేజీ వల్ల క్రాష్‌లు వస్తున్నాయని ఒప్పుకుని, చిప్ లోపలి ప్రోగ్రాం అయిన మైక్రోకోడ్‌కి అప్‌డేట్ ఇచ్చి, వారంటీ రెండేళ్లు పొడిగించింది. చేసినవాళ్లే అంచు దాటేసిన చోట మనం ఇంకో అడుగు ముందుకేయడం సాహసం అనిపించుకోదు. ఈ రోజుల్లో ఓవర్‌క్లాక్ అంటే ఎక్కడ ఆగాలో వెతుక్కోవడం. నా 4.9 కూడా ఓవర్‌క్లాకే. ఈ చిప్ మామూలుగా అన్ని పెద్ద కోర్ల మీద భారం పడితే 4.5 దగ్గర నడుస్తుంది.

మరి 82 డిగ్రీలు వచ్చేశాక కొత్త కూలర్ ఎందుకు కొన్నావు అంటారా? ఆ 82 ఫ్యాన్ 2000 మీద ఉన్నప్పటి మాట. గోల తగ్గలేదు. కానీ ఇప్పుడు చేతిలో 18 డిగ్రీల చోటుంది. నిశ్శబ్దం అంటే ఆ చోటుని ఖర్చు పెట్టుకోవడమే. చోటు లేనివాడు ఎంత ఖరీదైన ఫ్యాన్ కొన్నా అది అరవక తప్పదు.

కూలర్‌లో డబ్బులు పెట్టాల్సింది లోహం మీద, ఫ్యాన్ మీద కాదు. ఆ రాగి గొట్టాల్లో జరిగేది మన ఇడ్లీ పాత్రలో జరిగేదే. గొట్టంలో గాలి తీసేసి కాసిని నీళ్లు పోసి మూసేస్తారు. ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు తక్కువ వేడికే ఆవిరై, చల్లగా ఉన్న పై చివరకి పోయి, ఇడ్లీ పాత్ర మూతకి పట్టినట్టు నీటి చుక్కలై, ఆ వేడిని రేకులకి అప్పజెప్తాయి. గొట్టం లోపలి గోడకి రాగి పొడితో చేసిన గరుకు పొర ఉంటుంది. దీపం వత్తి నూనె పీల్చినట్టు అది ఆ నీళ్లని మళ్లీ కిందికి లాగుతుంది. గొట్టాలు ఎన్ని ఉంటే, రేకుల విస్తీర్ణం ఎంత ఉంటే అంత నెమ్మది గాలితో పని జరుగుతుంది. నేను చివరికి తీసుకున్నది థర్మల్‌రైట్ వాళ్ల పీర్‌లెస్ అసాసిన్ 120. రెండు టవర్లు, ఆరు గొట్టాలు, రెండు ఫ్యాన్లు. ఆస్ట్రియా కంపెనీ నాక్టువా వాళ్ల ఎన్‌హెచ్ డీ15 దీనికన్నా మంచిదే. 2014 నుంచి అందరూ దానితోనే పోల్చుకుంటున్నారు, 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు, ఆ కాఫీ రంగు అన్నీ నాకు ఇష్టమే. కాకపోతే దానికి రెట్టింపు పైన పెట్టాలి. నా 153 వాట్లకి ఆ తేడా మహా అయితే రెండు మూడు డిగ్రీలు. ఆ డబ్బుతో ఒక హార్డ్ డిస్క్ వస్తుంది.

సముద్రం పక్కన ఉన్నవాళ్లు ఇంకోటి చూడాలి. రాగి మీద నికెల్ పూత ఉందా లేదా అని. నాలుగైదేళ్లు బీచ్ రోడ్డు గాలి తిన్న ఒక ఫ్రెండ్ కూలర్ విప్పితే, పూత లేని రాగి గొట్టం అల్యూమినియం రేకుని కలిసే చోటల్లా తెల్లటి పొడి. ఉప్పు తేమ తగిలితే ఈ రెండు లోహాలకీ పడదు, అల్యూమినియం కరిగిపోతుంది. మా గేటు గొళ్లెం ఎలా తినేసిందో చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఫ్యాన్. తల పైకెత్తి సీలింగ్ ఫ్యాన్ చూడండి. దాని రెక్కలు తిరిగే చుట్టు వెడల్పు 1200 మిల్లీమీటర్లు, కేబినెట్ ఫ్యాన్‌ది 120. సరిగ్గా పదోవంతు. పెద్దది మూడు రెక్కలతో నిమిషానికి మూడొందల చిల్లర తిరుగుతుంది, మనం దాని కిందే హాయిగా నిద్రపోతాం. ఏడు రెక్కల చిన్న ఫ్యాన్ 2000 తిరిగితే రెక్కలు సెకనుకి 233 సార్లు ఫ్రేము స్తంభాలను దాటుతాయి, అది ఒక స్వరం లాగా చెవికి తగులుతుంది. సీలింగ్ ఫ్యాన్‌ది అలా లెక్కేస్తే సెకనుకి 17, 18. అది చెవికి స్వరంగా వినపడదు, మనకి వినిపించేది ఉత్త గాలి. "మన ఇళ్లల్లో ఎలాగూ ఫ్యాన్ల మోత ఉంటుంది కదా, నిశ్శబ్దం కంప్యూటర్ ఎందుకు" అనేవాళ్లకి నా జవాబు ఇదే. మోత ఎంత అన్నది ఒక్కటే లెక్క కాదు. ఒకే తీరుగా ఉండే మోతని చెవి మర్చిపోతుంది, కూతని మర్చిపోదు.

ఫ్యాన్ స్పీడు సగానికి దించితే గాలి సగమవుతుంది, శబ్దం మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. చెవికి 10 డెసిబెల్స్ తగ్గితేనే సగమైనట్టు ఉంటుంది. రెండో ఫ్యాన్ చేర్చితే పెరిగేది 3 డెసిబెల్సే. కాబట్టి వేగంగా తిరిగే ఒక ఫ్యాన్ కన్నా నెమ్మదిగా తిరిగే రెండు ఎప్పుడూ మేలు. పెద్ద టవర్ మీద 1500 నుంచి 900కి దించితే నాకు పెరిగింది 4 డిగ్రీలు మాత్రమే. డబ్బాల మీద రాసే డెసిబెల్ అంకెలు మాత్రం ఒక కంపెనీతో ఒకటి పోల్చకండి. ఎంత దూరం నుంచి, ఏ గదిలో కొలిచారో ఎవరికి వారిదే.

బేరింగ్ సంగతి నాకు మా నాన్న చెప్పాడు. స్టీల్ ప్లాంటులో మెయింటెనెన్స్‌లో రిటైరయ్యాడు. ఒక రోజు నా పాత ఫ్యాన్ దగ్గర కూర్చుని, పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఫ్యాన్ ఫ్రేముకి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి నొక్కి, కళ్లు మూసుకున్నాడు. "గాలి చప్పుడు వేరు, ఇది వేరు. నూనె ఎండిపోయింది" అన్నాడు. నన్ను కూడా వినమన్నాడు. నిజమే, పిడిలోంచి సన్నగా ఇసుక నలుగుతున్నట్టు వినిపించింది. కొన్న ఆరు నెలలకే! చవక ఫ్యాన్లలో ఉండేది స్లీవ్ బేరింగ్, వేడి గాలిలో దాని నూనె ఆవిరైపోతుంది. బాల్ బేరింగ్ గట్టిదే గానీ తక్కువ స్పీడులో గరగర చెవిన పడుతుంది. నిశ్శబ్దం కావాలంటే ఫ్లూయిడ్ డైనమిక్ అని రాసి ఉన్నది చూసుకోవాలి, అంటే ఇరుసు నూనె పొర మీద తేలుతూ తిరిగేది. నాన్న ఆ మాట రెండుసార్లు అనిపించుకుని, "అదేటి, మా టర్బైన్లకి ఉండేదే కదా" అన్నాడు.

కొన్నాక నేను చేసిన వెధవ పని కూడా చెప్పాలి. కూలర్ ఎత్తు 157 మిల్లీమీటర్ల లోపు, కేబినెట్ 160 దాకా పడుతుంది, సరిపోయింది అనుకున్నాను. నా ర్యామ్ స్టిక్కులకి మగధీరుడి కిరీటాల్లాంటి రేకులున్నాయని మర్చిపోయాను. ముందు ఫ్యాన్ వాటి మీద ఎక్కి కూర్చుంది, తలుపు పట్టలేదు. రెండు వారాలు తలుపు తీసే ఉంచాను. ఒక ఉదయం చూస్తే గ్రాఫిక్స్ కార్డు మీద బల్లి వెచ్చగా పడుకుని ఉంది. ఆ రోజే పొట్టి ర్యామ్ ఉన్న ఫ్రెండ్‌తో మార్చుకున్నాను. ఎత్తు కొలిచేటప్పుడు ర్యామ్‌ని కూడా కొలవండి.

బిగించాక డబ్బు ఖర్చు లేని పని ఒకటుంది, ఎవరూ చేయరు. బ్రౌజర్ తెరిస్తే చాలు ప్రాసెసర్ సెన్సార్ సెకనులో 20 డిగ్రీలు ఎగురుతుంది, ఫ్యాన్ వెంటనే వూఁ అని లేచి మళ్లీ పడుకుంటుంది. ఈ లేవడం పడుకోవడమే మనిషికి చిరాకు. అసలు ఆ క్షణంలో ఫ్యాన్ చేయగలిగింది ఏమీ లేదు. వేడి ఇంకా చిప్ దగ్గరే ఉంది, రేకులు చల్లగానే ఉన్నాయి. ముప్పావు కిలో రాగి, అల్యూమినియం కలిసి 1 డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 500 జౌల్స్ కావాలి. 153 వాట్ల దగ్గర అంటే మూడు సెకన్ల పైమాట. పది సెకన్ల పనికి హీట్‌సింక్ పెరిగేది మూడు డిగ్రీలు. దానికి ఫ్యాన్ ఎందుకు లేవాలి? బయాస్‌లో ఏ వేడికి ఫ్యాన్ ఎంత తిరగాలో చెప్పే గీత ఉంటుంది, దాని పేరు ఫ్యాన్ కర్వ్. అక్కడ స్టెప్ అప్, డిలే లాంటి పేరుతో ఫ్యాన్ లేవడాన్ని ఆలస్యం చేసే ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని చివరి దాకా లాగండి. 65 డిగ్రీల దాకా కర్వ్‌ని బల్లపరుపుగా పెట్టి, అక్కడి నుంచి మెల్లగా ఎక్కించండి. నా మిషన్‌లో అమ్మకి ముందుగా తేడా తెలిసింది కొత్త కూలర్ వల్ల కాదు, ఈ సెట్టింగ్ మార్చిన రోజున.

వాటర్ కూలింగ్ గురించి రెండు ముక్కలు. 250 వాట్ల చిప్ ఉన్నవాళ్లు పెట్టుకోండి, మీకు వేరే దారి తక్కువ. మిగతావాళ్లకి అది పంపు అనే ఇంకో మోటారు, ఖాళీగా ఉన్నా ఆగదు. ఫ్యాన్ పోతే ఫ్యాన్ మారుస్తాం, పంపు పోతే మొత్తం పారేయాలి.

దుమ్ము సంగతి వన్‌టౌన్, పోర్టు వైపు ఉండేవాళ్లని అడగండి. అక్కడి ఫ్రెండ్ కేబినెట్ నుంచి వచ్చేది నల్లగా కాటుకలా ఉంటుంది. మా వైపు బూడిద రంగు, కానీ తేమకి రేకుల మధ్య బంకలా పడుతుంది. రేకులు మరీ దగ్గరదగ్గరగా ఉన్న కూలర్ మన ఊరికి అందుకే వద్దంటాను. నెలకోసారి మెత్తటి పెయింట్ బ్రష్ చాలు. బ్లోయర్ కొడితే ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకుని కొట్టండి, గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

ఇంత చేసినా చివర్లో ఒక వింత చప్పుడు మిగిలింది. వూఁ... వూఁ... వూఁ... అని ఊయల ఊగినట్టు. పగలు వినపడదు. నాకు తెలిసింది కరెంటు పోయినప్పుడు. సీలింగ్ ఫ్యాన్ ఆగింది, ఫ్రిజ్ ఆగింది, పక్కింటి ఏసీ ఆగింది, కంప్యూటర్ ఒక్కటే యూపీఎస్ మీద నడుస్తోంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వెళ్లాక కరెంటు లేని రాత్రుల్లో మా ఇంటికి సముద్రం వినిపిస్తుందని మొదటిసారి తెలిసింది నాకు. ఇదీ అలాంటిదే. చూస్తే రెండు ఫ్యాన్లలో ఒకటి 900, ఇంకోటి 920 తిరుగుతున్నాయి. రెండు స్వరాలూ కొంచెమే తేడా, శ్రుతి కలవని రెండు తంబురల్లా సెకనుకి రెండుసార్లు కొట్టుకుంటున్నాయి. నాక్టువా వాళ్లు 2024 డీ15లో రెండు ఫ్యాన్ల స్పీడుని కావాలనే కొంచెం తేడాగా ఇస్తున్నారు, ఈ గొడవ తెలిసే. నేను రెండు ఫ్యాన్లనీ ఒకే వైరు నుంచి విడదీసి, మదర్‌బోర్డు మీద వేర్వేరు ఫ్యాన్ పిన్నులకి (హెడర్లకి) పెట్టి, ఒకటి 900, రెండోది 800 చేశాను. ఊయల ఆగింది.

అది సరిగ్గా అయిందో లేదో తెలియాలంటే మళ్లీ కరెంటు పోవాలి. నాలుగు రోజుల తర్వాత పోయింది, రాత్రి పదకొండుకి, మంచి రెండర్ మధ్యలో. బల్ల కిందికి వంగి చెవి పెట్టాను. ఏమీ లేదు. సన్నగా గాలి, అంతే. నవ్వుకునేలోపు యూపీఎస్ కీచుకీచుమని అరవడం మొదలెట్టింది. దివాను మీంచి అమ్మ లేచి కూర్చుంది.

"ఇప్పుడిదేట్రా?"